సుబ్బమ్మగారి పంక్తి

సింగరాయకొండలో రైలెక్కితే ఒంగోలు ఇప్పుడు అరగంట. 1885 ప్రాంతంలో అంత దూరానికి ఒక రాత్రంతా పట్టేది. అప్పటికి మన వైపు రైలు రాలేదు. మద్రాసు నుంచి కలకత్తా పోయే ట్రంకు రోడ్డు ఉంది, దాని మీద ఎడ్లబండి ఉంది. పొద్దుగూకే ముందు ఇంత తిని, కొండమీది నరసింహస్వామికి వాకిట్లోంచే దండం పెట్టి బయల్దేరితే, పాలేరు దాటి, టంగుటూరులో ఎడ్లకు నీళ్లు పట్టి, ముసి దాటేసరికి తూరుపు తెల్లబడేది.

అలాంటి బండిలో ఒక రైతును కూర్చోబెడదాం. పేరు పెట్టను. అతను నేను కల్పించిన మనిషి. అతని పొలం తగాదా టంగుటూరు వైపుది. సింగరాయకొండ కందుకూరు తాలూకా, టంగుటూరు ఒంగోలు తాలూకా. ఆ రోజుల్లో రెండూ నెల్లూరు జిల్లాలోనే ఉన్నా, వ్యాజ్యం మాత్రం పొలం ఎక్కడుంటే అక్కడే. కాబట్టి మనవాడు ఒంగోలు మునసబు కోర్టుకు పోతున్నాడు. ఒళ్లో ఎర్రగుడ్డలో చుట్టిన కాగితాల కట్ట. కాళ్ల దగ్గర వకీలుగారికని తెచ్చిన ఎండుమిరపకాయల మూట. ఇది ఎన్నో వాయిదానో అతనికే గుర్తులేదు.

అతను కల్పితమే. తెల్లారాక అతను అన్నానికి వెళ్లబోయే ఇల్లు కల్పితం కాదు. ఆ ఇంటావిడ కొడుకు పేరే ఇవాళ మన జిల్లాకు ఉంది.

బండి ఒంగోలు పొలిమేర చేరింది. 1876లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. తాలూకా కచేరీ, కోర్టు, అమెరికన్ బాప్టిస్టుల మిషను, దాని బడి, పశువుల బేరగాళ్లు, నీలిమందు వర్తకులు, తీరం నుంచి ఉప్పు తోలుకొచ్చే బండ్లు. పరాయి ఊరివాళ్లు రోజూ వచ్చిపోయే చోటు. వచ్చినవాడు ఎక్కడ దిగాలి?

దొరలకు ట్రావెలర్స్ బంగళా ఉండేది. అంటే కలెక్టరు, ఇంజనీరు, సర్కీటు మీద తిరిగే ఇతర అధికారులు ఆగే చోటు. ట్రంకు రోడ్ల వెంట మజిలీ మజిలీకి కంపెనీ కాలం నుంచీ కట్టుకుంటూ వచ్చిన బసలవి. సున్నం కొట్టిన గోడలు, చుట్టూ వరండా, కోడికూర వండిపెట్టే బట్లరు, పేరు రాసి సంతకం పెట్టే పుస్తకం. 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చాక రోడ్లతో పాటు ఇలాంటి బసల ఆలనాపాలనా కూడా చాలావరకు బోర్డుల మీద పడింది. వాటికయ్యే ఖర్చులో మన రైతు కట్టిన శిస్తుకూ వాటా ఉంది. అయినా అతను ఆ గేటు లోపల అడుగుపెడితే బంట్రోతు బయటికి తరుముతాడు.

ఇక సత్రం. దానికి పైకప్పు ఉంటుంది, బావి ఉంటుంది, ఎవరి కులానికి తగ్గ మూల వాళ్లకుంటుంది. వంట మాత్రం ఎవరికి వారే చేసుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేసి, దారిలో ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అన్నది మజిలీల వారీగా రాసిపెట్టాడు. ఆయన పరివారంతో, బోయీలతో, వంట మనుషులతో కదిలిన మనిషి. ఆయన వెంట వంటిల్లు కూడా ప్రయాణం చేసింది. ఒంటరిగా వచ్చిన రైతు సంగతి వేరు. ఇంట్లో ఏనాడూ పొయ్యి రాజేయని మగవాడు సత్రం అరుగు మీద మూడు రాళ్లు పెట్టి, తడి కట్టెలు ఊదుకుంటూ కూర్చుంటే కోర్టువేళ దాటిపోతుంది.

అందుకే కచేరీ ఉన్న ప్రతి ఊళ్లోనూ పూటకూళ్ల ఇళ్లు లేచాయి. ఒంగోల్లో అలాంటి ఒక ఇల్లు టంగుటూరి సుబ్బమ్మగారిది.

ఆమె ఆ పని కోరి చేపట్టింది కాదు. భర్త గోపాలకృష్ణయ్య. పెద్దకొడుకు ప్రకాశం 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టాడు. ఆ పిల్లవాడికి పదకొండేళ్లు వచ్చేసరికి తండ్రి పోయాడు. వెనక పిల్లలు, చేతిలో లేమి. నియోగి ఇంట, అంటే కలం పట్టి లెక్కలు రాసుకు బతికే కుటుంబాల మధ్య, భర్త పోయిన ఆడమనిషికి లోకం చూపించే దారి ఒక్కటే: అన్నదమ్ముల ఇంటికో, మరుదుల పంచకో చేరి, వాళ్ల పొయ్యి దగ్గర ఊడిగం చేస్తూ పిల్లలకు ఇంత ముద్ద సంపాదించడం. దానికి జీతం ఉండదు, గౌరవం మాత్రం పోదు. సుబ్బమ్మగారు ఒంగోలు వచ్చి సొంత పొయ్యి వెలిగించింది. అన్నం పెట్టి డబ్బు తీసుకుంది.

ఆ రోజుల్లో అదెంత పెద్ద మాటో ఇప్పటివాళ్లకు తోచదు. అన్నవిక్రయం పాపమని శాస్త్రం చెప్పింది. శాస్త్రం చదవనివాళ్లు కూడా ఆ ఒక్క మాట పట్టుకున్నారు. ఇదే కాలంలో గోదావరి అవతల లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వచ్చినవాడికల్లా వేళాపాళా లేకుండా అన్నం పెడుతోంది. ఆమెను లోకం అన్నపూర్ణ అంది. సరిగ్గానే అంది. అయితే సీతమ్మగారి వెనక పొలం ఉంది, భర్త జోగన్నగారు ఉన్నారు. సుబ్బమ్మగారి వెనక ఎవరూ లేరు. దానం చేయడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా! ఉన్నావిడ పెడితే పుణ్యం, లేనావిడ అమ్మితే పాపం. ఈ తూకం వేసినవాళ్లంతా ఎవరో ఒకరు వండిపెడితే తిన్నవాళ్లే.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మన కథకు మూడునాలుగేళ్ల ముందు. ఆ ఉద్యమం మాట ఒంగోలుదాకా వచ్చి ఉండొచ్చు. పిల్లల తల్లికి, అందులోనూ వయసు మీరుతున్న ఆమెకు, దాంతో ఒరిగేదేమీ లేదు. ఆమెకు కావలసింది సంస్కారం కన్నా ముందు సంపాదన.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. ఇలాంటి ఇళ్లలో రోజు ఎలా మొదలయ్యేదో ముందు తరాల ఒంగోలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కోడి కూయకముందే బావి దగ్గర స్నానం, తడిబట్ట, మడి. పొయ్యి రాజుకుంటుంది. పెద్ద గుండిగలో ఎసరు. ఇంకో పక్క కందిపప్పు. పులుసు, గోంగూర పచ్చడి, చారు, మజ్జిగ. పెరట్లో ఎవరో అరిటాకులో విస్తళ్లో కడుగుతుంటారు. వరి అన్నం అన్నదే సగం ఆకర్షణ. కాలువ నీళ్లు ఎరగని ఒంగోలు, కందుకూరు మెట్ట ఊళ్లలో ఇంటి తిండి జొన్న, సజ్జ, వరిగ. తెల్లటి అన్నం పండగనాటి మాట. కోర్టు పనిమీద వచ్చిన రైతుకు కేసు ఓడినా గెలిచినా వరి అన్నం మాత్రం దక్కేది.

ఇక్కడొక వింత ఉంది. మన రైతు ఇంటినుంచి బయల్దేరేటప్పుడు బొట్టులేని ఆడమనిషి ఎదురొస్తే బండి వెనక్కి తిప్పే రకం. గుమ్మంలో కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరతాడు. అలాంటివాడే ఒంగోల్లో కోర్టుకు వెళ్లే ముందు వితంతువు చేతి అన్నం తిని, ఆవిడ గుమ్మం దాటి, గెలుపు కోరుకుంటూ నడుస్తాడు. ఆవిడ పాటించక తప్పని మడే ఆ అన్నానికి మార్కెట్లో విలువ తెచ్చింది. మడి కట్టుకుని బ్రాహ్మణి వండింది అంటే ఏ కులంవాడైనా తింటాడు. ఆచారం ఆమెకు తలుపులన్నీ మూసింది, ఒక్క వంటింటి తలుపు మాత్రం వీధివైపు తెరుచుకుంది.

పంక్తి మొదలైంది. ఇక్కడినుంచి మాటలు నా ఊహ. కోర్టు ఊళ్ల పూటకూళ్ల ఇళ్లలో ఇంతకు భిన్నంగా ఉండి ఉండవని నా నమ్మకం.

మన సింగరాయకొండ రైతు చెంబుతో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆకు ముందు కూర్చోబోతూ ఆగిపోయాడు. రెండో ఆకు దగ్గర అతని ప్రతివాది కూర్చుని ఉన్నాడు. టంగుటూరు మనిషి. ఇద్దరూ వేర్వేరు బండ్లలో ఒకే రాత్రి ఒకే రోడ్డు మీద వచ్చారు.

‘‘కూచోవయ్యా, ఆకు మీద తగాదా ఏముంది’’ అన్నాడు టంగుటూరు ఆయన.

‘‘నీ పక్కన కూచుంటే సాక్షులు రాజీ అయ్యామనుకుంటారు.’’

‘‘అనుకోనీ. నీ వకీలుకు మిరపకాయలు, నా వకీలుకు నెయ్యి. ఇద్దరూ సాయంత్రం ఒక అరుగు మీదే కూచుంటారు. మనం కూచుంటే తప్పొచ్చిందా?’’

పంక్తి చివర్న కూర్చున్న వకీలు గుమాస్తా నవ్వు ఆపుకోలేక మజ్జిగ మింగాడు. ‘‘ఇయ్యాళ మునసబుగారికి ఒంట్లో బాలేదంట. వాయిదానే. నిదానంగా తినండి’’ అన్నాడు.

‘‘బాలేదంటే? జొరమా?’’

‘‘ఏమో. బంట్రోతు చెప్పాడు.’’

ఆ ఒక్క కబురు కోసం ఊళ్లో ఇంకెక్కడ తిరిగినా మధ్యాహ్నం దాకా తెలియదు. పంక్తిలో తొలి ముద్దతోనే తెలిసిపోయింది. ఏ వకీలు మాటకారి, ఎవరు ఫీజు పుచ్చుకుని వాయిదా రోజు కనిపించకుండా పోతారు, ఏ ఊళ్లో కలరా తగిలింది, నీలిమందు ధర ఎంత పలికింది, ఎడ్ల సంతలో ఎవరి జత ఎంతకు పోయింది, జమాబందీకి దొర ఎప్పుడొస్తాడు, ఇదంతా ఆకుల మీదుగా సాగేది. పత్రికలు కొద్దిమందికే అందే రోజుల్లో ఊరి పత్రిక పూటకూళ్ల పంక్తి. దాని సంపాదకత్వం వంటింటి గుమ్మంలో నిలబడి వడ్డించే ఆవిడది. ఎవరికి ఏం పెట్టాలో, ఎవరి ముందు ఏం మాట్లాడకూడదో ఆమెకు తెలియాలి. వాది ప్రతివాదులిద్దరూ ఆమెకు ఖాతాదార్లే.

ఖాతా అంటే గుర్తొచ్చింది. ఈ వ్యాపారంలో అసలు కష్టం అక్కడుంది. కొందరు పూటకింత అని చేతిలో పెట్టేవాళ్లు, కొందరు నెలకు మాట్లాడుకునేవాళ్లు, బడిపిల్లలు ఊరినుంచి బియ్యం వస్తే ఇస్తామనేవాళ్లు. కేసు గెలిచినవాడు ఉత్సాహంలో బాకీ తీర్చి పోతాడు. ఓడినవాడు తెల్లవారుజామునే బండి కట్టిస్తాడు. కోర్టుకెక్కి వసూలు చేసుకునే దారి ఆమెకు లేదు, ఆ కోర్టు చుట్టూ తిరిగేవాళ్లకే అన్నం పెడుతున్నా!

ఈ ఇల్లు ఊరందరి కూడలి అని రాసేయడం సులువు. అందరిదీ కాదు. పంక్తిలో కులాల వారీగా వరసలు వేరు, కొన్ని కులాలకు వసారాలోనే విస్తరి, మాల మాదిగలకు వీధి అరుగు దగ్గరికి రావడం కూడా లేదు. వాళ్లకు ఆ ఒంగోల్లోనే వేరే చిరునామా ఉంది. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టినప్పుడు మిషనరీ జాన్ క్లౌ అందులో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని తన జనానికి కూలి ఇప్పించాడు. మన పాకల వైపు తీరం వెంట సాగే కాలువ అదే. కరువు తగ్గాక, 1878 జులై 3న, ఒంగోలుకు ఎగువన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లు మతం మారడానికి కారణాలు ఎన్నయినా చెప్పుకోవచ్చు. పంక్తిలో చోటు లేనివాడు వేరే పంక్తి వెతుక్కోవడం వాటిలో ఒకటి. సుబ్బమ్మగారిని దీనికి బోనెక్కించను. ఆ గీత ఆమె గీసింది కాదు. అయితే ఆ గీత మీదే ఆమె బతుకుదెరువు నిలబడిందన్న మాట దాచడమూ న్యాయం కాదు.

ఇంకా ముచ్చటేమిటంటే ఆమె కొడుకు చదివింది ఆ మిషను బళ్లోనే. ఇంట్లో మడి, బళ్లో బైబిలు. ఒక వీధి దాటితే ఇంకో లోకం.

ప్రకాశం బుద్ధిమంతుడైన పిల్లవాడేం కాదు. అల్లరి, గొడవలు, నాటకాల పిచ్చి. ఆడవేషాలు కూడా కట్టాడు. ఇంటి సంపాదన చాలక ఉన్నవాళ్ల ఇళ్లలో చిన్నాచితకా పనులు చేశాడు. తల్లి చేస్తున్న పనిని లోకం ఏ కంట చూస్తోందో ఆ వయసు పిల్లవాడికి తెలియకుండా ఉండదు. తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో ఆ పూటకూళ్ల సంగతి ఆయన దాచుకోలేదు. పెద్దవాళ్లయ్యాక అమ్మ చేసిన పని చెప్పుకోడానికి నసిగేవాళ్లను చాలామందిని చూస్తాం. ముఖ్యమంత్రి దాకా ఎదిగిన మనిషి ఆ మాట అచ్చువేసి చెప్పడం నాకు గొప్పగానే కనిపిస్తుంది.

వకీలు కావాలన్న కోరిక ఆయనకు చిన్ననాడే పట్టుకుంది. ఎందుకు పట్టుకుందన్నదానికి నాదొక అనుమానం. రోజూ రెండు పూటలా తమ ఇంట్లో ఆకుల ముందు కూర్చునేవాళ్లు మాట్లాడేది వకీళ్ల గురించే. ఫలానా ప్లీడరు ఒక్క ప్రశ్నతో సాక్షిని తడబడేలా చేశాడట, ఫలానా ఆయన కోటు వేసుకుని వస్తే మునసబే తల ఊపాడట. అన్నం వడ్డించే ఇంట్లో పిల్లవాడికి ఇంతకన్నా వేరే పురాణ కాలక్షేపం ఏముంది? మన రైతుకు వకీలంటే మిరపకాయల మూట మోయించుకునేవాడు. ఆ పిల్లవాడికి వకీలంటే ఎవరి ముందూ తల వంచక్కర్లేనివాడు.

చదువుకు డబ్బేది? పరీక్ష ఫీజు 3 రూపాయలు కట్టాల్సి వచ్చింది. మూడంటే మూడే. బావగారిని అడగడానికి మైళ్లకు మైళ్లు నడిచి వెళ్లి, వట్టిచేతులతో తిరిగొచ్చాడు. ఊరందరికీ రెండు పూటలా అన్నం పెట్టే ఇంట్లో ఆ పూటకు మూడు రూపాయలు లేవు. సుబ్బమ్మగారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. పట్టుచీర ఆ ఇంట్లో ఏ స్థితిలో మిగిలి ఉంటుందో ఆలోచించండి. భర్త ఉన్న రోజుల నాటిది అయ్యుంటుంది. ఇక కట్టే అవకాశం లేని చీర. పెట్టె అడుగున దాచుకున్న ఆ ఒక్క గుర్తూ కొడుకు పరీక్షకు పోయింది.

ఆ తరువాత కథను నడిపింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. మిషను బళ్లో ఉపాధ్యాయుడు, నాటకాల మనిషి. ఆయన రాజమండ్రికి మారుతూ ప్రకాశాన్ని వెంట తీసుకుపోయాడు. బ్రాహ్మణ వితంతువు కొడుకును నాయుడుగారు సొంత బిడ్డలా చూసుకుని చదివించారు. పూటకూళ్ల పంక్తిలో వరసలు వేరని ఇందాక రాశాను. ఆ వరసలను దాటిన మనిషి ఈ కథలో ఒకరున్నారంటే ఆయనే. తల్లి పంపడానికి ఒప్పుకుంది. రైలు లేని కాలంలో ఒంగోలు నుంచి రాజమండ్రి అంటే కళ్లకు కనిపించనంత దూరం.

మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పి, మళ్లీ లేచి, మద్రాసులో చదివి ప్రకాశం సెకండు గ్రేడు ప్లీడరయ్యాడు. రాజమండ్రిలో పేరు, డబ్బు, పురపాలక సంఘం అధ్యక్షత. సెకండు గ్రేడు వాళ్లు హైకోర్టులో వాదించలేరు కాబట్టి 1904లో బారిష్టరు చదువుకు ఇంగ్లండు ఓడెక్కాడు. గుంటూరు జిల్లా పుట్టి ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి అందులోకి మారింది కూడా ఆ ఏడాదే.

మన కల్పిత రైతు మనవడు ఆ సరికి బండి కట్టడం మానేశాడు. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు పరుగు మొదలైంది. కందుకూరు వాళ్లకు సింగరాయకొండే స్టేషనయింది. తెల్లారి రైలెక్కి ఒంగోల్లో దిగి, కోర్టు పని చూసుకుని, పొద్దుగూకేలోగా ఇంటికి రావచ్చు. రాత్రి బస అక్కర్లేదు. రెండు పూటల అన్నం ఒక పూటకు తగ్గింది. పూటకూళ్ల ఇళ్ల నడుం విరిచింది సంస్కర్తలూ కాదు, శాస్త్రులూ కాదు, రైలు టైంటేబులు. తరువాత కాఫీ వచ్చింది, బల్లలూ కుర్చీలూ వచ్చాయి, భోజన హోటళ్ల బోర్డులు లేచాయి. గల్లాపెట్టె దగ్గర మగవాళ్లు కూర్చున్నారు. చిత్రం చూడండి: ఆడమనిషి ఇంట్లో వండి అమ్మినంత కాలం అది తలవంపుల పని. మగవాడు బోర్డు కట్టి అమ్మగానే అది వ్యాపారం, ఆయన హోటల్ యజమాని.

ఈ తలవంపుల కథ మన సాహిత్యంలోనూ ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శించారు. సుబ్బమ్మగారి ఒంగోలు రోజులకు దగ్గరి కాలమే. అందులో విజయనగరం పూటకూళ్లమ్మను తెలుగువాళ్లెవరూ మరిచిపోరు. ఆమె డబ్బు గిరీశం కాజేసి మధురవాణికి ఖర్చుపెడతాడు. ఆమె చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వాను. అయితే నాటకంలో ఆమెను అందరూ వృత్తి పేరుతోనే పిలుస్తారు. మోసపోయింది ఆమె, డబ్బు పోయింది ఆమెది, నవ్వులపాలైందీ ఆమే. గురజాడ అంతటివాడు గిరీశం మీద ఎక్కుపెట్టిన బాణమే అది, సందేహం లేదు. తగిలింది మాత్రం కొంత ఇటు కూడా తగిలింది. ‘పూటకూళ్లమ్మ’ అన్న మాట వినగానే తెలుగు లోకం వెకిలిగా నవ్వడం అప్పటినుంచి అలవాటు చేసుకుంది.

అంతకు నాలుగైదు వందల ఏళ్ల ముందు ఇంత వెక్కిరింత లేదు. మన పక్క వినుకొండ పేరు మోసే వల్లభరాయుడి ‘క్రీడాభిరామం’లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు తిరుగుతూ పూటకూటి ఇంట భోంచేస్తారు. మేలిరకం అన్నం, గోధుమ పిండివంట, పంచదార, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజులు, అన్నీ కలిపి ఒక్క రూకకు. కవి నోరూరేలా చెప్పాడు, ఎక్కడా ముఖం చిట్లించలేదు. ఆ ఇల్లు నడిపినది మగవాడు, పేరు కూడా ఉంది, లక్ష్మణ వజ్ఝల. తేడా ఎక్కడుందో పాఠకులే పట్టుకోగలరు.

ప్రకాశం తరువాతి జీవితం మనకు పాఠాల్లో చెప్పారు. వేలకు వేలు తెచ్చే వకాల్తా వదిలేసి 1921లో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టడం, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణనాడు తుపాకుల ముందు గుండె చూపించడం, 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని కావడం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కావడం. సంపాదించినదంతా ఉద్యమానికీ ఊళ్లోవాళ్లకూ పెట్టి, 1957 మే 20న హైదరాబాదులో పోయేనాటికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు. అన్నం అమ్మిన ఇంటి పిల్లవాడు ఏదీ అమ్ముకోలేకపోయాడు.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి చేసింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఒంగోలు కలెక్టరేటును ప్రకాశం భవనం అంటాం. 2022లో జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరు వైపు పోయింది, సింగరాయకొండ ప్రకాశంలోనే నిలిచింది. మన రైతు బండి నడిచిన దారి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇప్పుడు కొడుకు పేరు మీదే ఉంది.

తల్లి సంగతి? రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. సంతోషం. ఉచితంగా పెట్టిన చేతికి దక్కిన గౌరవం, కూలి తీసుకుని పెట్టి బిడ్డల్ని పెంచిన చేతికీ దక్కాలన్నది నా మాట. ఒంగోల్లో పల్లెల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు అన్నం తినే వసతిగృహాలు ఉన్నాయి. వాటిలో ఒక్కదానికి టంగుటూరి సుబ్బమ్మగారి పేరు పెట్టమని జిల్లా యంత్రాంగాన్ని అడుగుదాం. అందులో పంక్తి మాత్రం ఒక్కటే ఉండాలి, వరసలు లేకుండా.

మీకూ ఒక మాట. ఒంగోలు, కందుకూరు, కావలి, చీరాల, గుంటూరు, ఎక్కడ కోర్టూ కచేరీ ఉన్నా అక్కడ ఇలాంటి ఇళ్లు నడిచాయి. మీ తాతమ్మో ముత్తవ్వో అలా బతికి ఉంటే, ‘ఏవో వంటలు చేసుకుని బతికింది’ అని గొంతు తగ్గించి దాటేయకండి. ఆవిడ పేరు, ఊరు, వీధి, ఎవరెవరు తిన్నారు, ఎవరు బాకీ ఎగ్గొట్టారు, గుర్తున్నదంతా పెద్దవాళ్లను అడిగి ఇప్పుడే రాసిపెట్టండి.